బురద కరెంటును దాచుకోవడం: వరి చేనులో నీటిమట్టం చెప్పే పరికరం, ప్రాజెక్టు డైరీ

పని ఇది. గోదావరి డెల్టాలో ఒక వరి మడి. బురదలోని బాక్టీరియా ఇచ్చే కరెంటును కూడబెట్టి, రెండు గంటలకోసారి మడిలో నీరు ఎంత ఉందో లోరా రేడియోతో (తక్కువ శక్తితో చిన్న సందేశాలను దూరం పంపే రేడియో) ఇంటికి పంపాలి. బ్యాటరీ మార్చే పని ఉండకూడదు.

ముందే ఒక మాట. చిన్న సోలార్ పలక పెట్టుకుంటే ఈ పనంతా ఒక పూటలో తేలిపోతుంది. కేవలం నీటిమట్టం తెలియాలనుకునేవారు అదే చేయండి. మైక్రోవాట్లలో మాత్రమే శక్తినిచ్చే మూలం నుంచి ఎలా కూడబెట్టాలో నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం కింది లెక్కలు పనికొస్తాయి. గదిలోపలి వెలుతురుతో నడిచే పలకకైనా, పొయ్యి వేడితో నడిచే బిళ్లకైనా దారి ఇదే.

మొదటి దశ: బకెట్ ఘటం (సెల్లు)

బురదలో కరెంటు కొత్త సంగతేమీ కాదు. సూక్ష్మజీవుల నుంచి విద్యుత్తు వస్తుందని 1911లోనే ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాటర్ అనే వృక్షశాస్త్రవేత్త చూపించాడు. 1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురద నుంచి వేరుచేసిన జియోబాక్టర్ జాతి ఇందులో బాగా పేరుపడింది. గాలి అందని బురదలో ఇవి సేంద్రియ పదార్థాన్ని తిని, మిగిలిన ఎలక్ట్రాన్లను దగ్గరలో ఉన్న కార్బన్‌కు అప్పగిస్తాయి. పైన నీటిలో ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. మధ్యలో తీగ వేస్తే కరెంటు.

చేసిన తీరు:

1. పాత 20 లీటర్ల పెయింట్ బకెట్‌లో దమ్ము చేసిన మడి బురద, గడ్డీ రాళ్లూ ఏరేసి.
2. 15×15 సెంటీమీటర్ల కార్బన్ ఫెల్ట్ (కార్బన్ పోగులతో చేసిన దళసరి గుడ్డ) ముక్కను 8 సెంటీమీటర్ల లోతులో పరచాలి. కింద గాలి బుడగలు చిక్కకూడదు.
3. పైన 4 సెంటీమీటర్ల నీరు. నీటి పైభాగాన మరో ఫెల్ట్ ముక్క, సగం తడిసి సగం గాలి తగిలేలా.
4. రెండింటి మధ్య 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ కలిపి వదిలేయాలి. తీగలు ఊరికే వదిలేస్తే బాక్టీరియా ఫెల్ట్ మీద పొరకట్టడం ఆలస్యమవుతుంది.
5. రెండు మూడు వారాలు ముట్టుకోవద్దు. మొదట్లో వోల్టేజీ సున్నా దగ్గరే తిరుగుతుంది, ఒక్కోసారి మైనస్‌లోకీ పోతుంది.

తీగ విషయంలో గట్టిగా చెప్పాలి. రాగి తీగ జాయింటు బురదలో పచ్చబడి తెగింది. తెగకపోయినా రాగి సూక్ష్మజీవులకు విషం. జింకు పూత ఉన్న ఇనుప తీగ ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది మోసం చేస్తుంది. దానితో కట్టిన ఘటం రెండో రోజునే 1.05 వోల్టులు చూపింది. ఆ కరెంటు బాక్టీరియాది కాదు, కరిగిపోతున్న జింకుది. బురద ఘటం తీగలు విడిచి ఉంచినప్పుడు 0.8 వోల్టులు దాటిందంటే అనుమానించండి. చివరికి టైటానియం తీగ వాడాను. తీగను ఫెల్ట్‌లో కుట్టినట్టు నాలుగైదు సార్లు దూర్చితే చాలు, జిగురు అక్కర్లేదు.

పొర కుదురుకున్నాక ఒక బకెట్ కొలతలు ఇవి. తీగలు విడిచి ఉంచినప్పుడు 0.68 వోల్టులు.

10 కిలోఓమ్‌లు: 0.57 వోల్టులు, 32 మైక్రోవాట్లు
4.7 కిలోఓమ్‌లు: 0.48 వోల్టులు, 49 మైక్రోవాట్లు
2.2 కిలోఓమ్‌లు: 0.35 వోల్టులు, 56 మైక్రోవాట్లు
1 కిలోఓమ్: 0.22 వోల్టులు, 48 మైక్రోవాట్లు
470 ఓమ్‌లు: 0.12 వోల్టులు, 31 మైక్రోవాట్లు

రెసిస్టర్ మార్చిన ప్రతిసారీ అరగంట ఆగి రాసుకున్న అంకెలు ఇవి. మార్చిన వెంటనే చూస్తే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. ఫెల్ట్ తానే ఒక చిన్న కెపాసిటర్‌లా (ఛార్జిని దాచుకునే భాగం) పనిచేసి, అంతకుముందు నిల్వ ఉన్నది కక్కుతుంది. ‘బురద నుంచి మిల్లీవాట్లు’ అని ఎవరైనా చెబితే ఎంతసేపటికి కొలిచారో అడగండి.

కరెంటును మల్టీమీటర్ మైక్రోఆంపియర్ గడిలో నేరుగా కొలవకపోవడం మేలు. ఆ గడి లోపల ఉండే రెసిస్టర్ మీద పదుల మిల్లీవోల్టులు పోతాయి. మూలమే 0.35 వోల్టులైనప్పుడు అది పెద్ద కోత. 10 ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో పెట్టి, దాని మీది మిల్లీవోల్టులు చూడండి.

పక్క చేను రైతు ఇదంతా చూసి, “మోటారు తిరుగుతుందా అండీ?” అని అడిగారు. లెక్క కట్టి చెప్పాను: 5 హార్స్‌పవర్ మోటారుకు ఏడు కోట్ల బకెట్లు కావాలి.

ఖర్చు: ఫెల్ట్ ₹1,200, టైటానియం తీగ ₹500, చిల్లర ₹100. మొత్తం ₹1,800.
చేతికొచ్చే శక్తి: బకెట్‌కు 56 మైక్రోవాట్లు.

రెండో దశ: వరుసగానా, పక్కపక్కనా

0.35 వోల్టులతో కంట్రోలర్, రేడియో లాంటి చిప్‌లేవీ నేరుగా నడవవు. టార్చిలైటులో సెల్లులు పెట్టినట్టు బకెట్లను ఒకదాని వెనుక ఒకటి కలిపితే వోల్టేజీ పెరుగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. రెండు బకెట్లను అలా కలిపితే లోడు (కరెంటు వాడుకునేది) లేనప్పుడు 1.3 వోల్టులు వచ్చాయి. 2.2 కిలోఓమ్‌ల లోడు పెట్టి కాసేపు వదిలితే మొత్తం వోల్టేజీ కూలింది. విడివిడిగా చూస్తే ఒక బకెట్ మీద మైనస్ 0.1 వోల్టు. బలహీనమైన బకెట్‌ను బలమైనది తిరగదోసింది. ఎక్కువసేపు అలా ఉంచితే ఆ బకెట్‌లో పొర దెబ్బతింటుంది. పైగా చేనులో అయితే అన్ని ఫెల్ట్‌లూ ఒకే బురదలో, ఒకే నీటిలో ఉంటాయి కాబట్టి వరుస కలపడం అసలే కుదరదు.

అందుకని నాలుగు బకెట్లనూ పక్కపక్కన, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపాను. 560 ఓమ్‌ల లోడు మీద 0.34 వోల్టులు, 206 మైక్రోవాట్లు. వోల్టేజీ పెంచే పని చిప్‌కు వదిలేశాను.

మూడో దశ: వోల్టేజీ పెంచే బోర్డు

బీక్యూ25570 చిప్ ఉన్న చిన్న బోర్డు తీసుకున్నాను. నడక మొదలయ్యాక ఇది 0.1 వోల్టు నుంచి కూడా శక్తి లాగగలదు. తాను తినేది అర మైక్రోఆంపియర్ లోపే. కాగితం మీద ఇంతకంటే మంచిది అడగలేం. బల్ల మీద రెండు చోట్ల మొండికేసింది.

మొదటిది, అసలు మొదలుకాలేదు. నిల్వ కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఈ చిప్ నిద్రలేవడానికి 0.6 వోల్టులు కావాలి. బకెట్లు లోడు లేనప్పుడు 0.67 ఇస్తాయి కానీ, చిప్ లాగడం మొదలుపెట్టగానే 0.45కు దిగిపోతాయి. రాత్రంతా వదిలినా కెపాసిటర్‌లో ఏమీ చేరలేదు. పరిష్కారం సులువు:

1. రెండు పెన్సిల్ సెల్లులు వరుసగా, 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా నిల్వ కెపాసిటర్‌కు కలపాలి.
2. 2.5 వోల్టులు దాటేదాకా ఆగాలి. 5 ఫారడ్‌లకు (కెపాసిటర్ ఎంత దాచగలదో చెప్పే కొలత ఫారడ్) పావుగంట పడుతుంది.
3. సెల్లులు తీసేయాలి. ఇక ఆ జోలికి పోనక్కర్లేదు.

కెపాసిటర్ 1.8 వోల్టుల కిందికి పోనంతవరకు చిప్ మేలుకునే ఉంటుంది. అంటే ఈ ప్రాజెక్టులో నిల్వ పూర్తిగా అయిపోవడం అంటే సందేశం ఆగడం ఒక్కటే కాదు, ఎవరో చేనుకు వెళ్లి సెల్లులు పెట్టి లేపాలి. తర్వాతి నిర్ణయాలన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

రెండోది ఇంకా తమాషాగా ఉంది. ఏ వోల్టేజీ దగ్గర శక్తి ఎక్కువ వస్తుందో ఈ చిప్ తానే వెతుక్కుంటుంది. 16 సెకన్లకోసారి మూలాన్ని పావు సెకను పాటు వదిలేసి, లోడు లేని వోల్టేజీ చూసి, అందులో 80 శాతం దగ్గరో 50 శాతం దగ్గరో నిలబెడుతుంది. 80 సోలార్ పలకలకు, 50 వేడితో నడిచే బిళ్లల్లాంటివాటికి అని పుస్తకం లెక్క. పై కొలతల్లోనూ గరిష్ఠ శక్తి సగం వోల్టేజీ దగ్గరే వచ్చింది కాబట్టి 50కి పెట్టాను. గంట తర్వాత చూస్తే వోల్టేజీ 0.19కి జారి అక్కడే కూర్చుంది.

కారణం బురద మందకొడితనం. లోడు తీసేసిన పావు సెకనులో అది 0.67కి తేరుకోదు. 0.38 దగ్గరే ఉంటుంది. చిప్ దాన్నే పూర్తి వోల్టేజీ అనుకుని అందులో సగానికి దింపుతుంది. తర్వాతి విడతకు అది కూడా రాదు. ఇలా మెట్టు మెట్టు దిగి అడుగున స్థిరపడింది. సోలార్ వాళ్ల 80 శాతం పెడితే, పావు సెకనులో కనిపించే 0.46లో 80 శాతం, అంటే 0.37 దగ్గర నిలిచింది. సరిగ్గా మనకు కావలసిన చోటు.

ఎంత తేడా వచ్చిందో కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. తెలిసిన కెపాసిటర్ నిండే సమయం చూస్తే చాలు. 0.5 ఫారడ్‌ను 3.0 నుంచి 3.5 వోల్టులకు ఎక్కించడం అంటే 0.81 జౌల్.

50 శాతం దగ్గర: ఐదున్నర గంటలు, అంటే 41 మైక్రోవాట్లు
80 శాతం దగ్గర: 1 గంట 44 నిమిషాలు, అంటే 130 మైక్రోవాట్లు

బోర్డు మీది ఎర్ర ఎల్‌ఈడీని ఈ కొలతలకు ముందే పీకేశాను. అది వెలిగితే 2 మిల్లీఆంపియర్లకు పైగా తాగుతుంది. మన సంపాదనకు యాభై రెట్లకు పైనే.

ఖర్చు: బోర్డు ₹700. ఇప్పటివరకు ₹2,500.
చేతికొచ్చే శక్తి: 130 మైక్రోవాట్లు, రోజుకు 11.2 జౌల్‌లు.

నాలుగో దశ: ఎందులో దాచాలి

మూలం బలంగా ఉన్నప్పుడు నిల్వ చేసే వస్తువు ఎంత కారుస్తుందో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అదే మొదటి ప్రశ్న.

లిథియం సెల్లు ఎందుకు కాదని ముందే అడిగేవారుంటారు. 2,500 మిల్లీఆంపియర్ అవర్ల 18650 సెల్లులో దాదాపు 33,000 జౌల్‌లు పడతాయి. రోజుకు 11 చొప్పున నింపితే ఎనిమిదేళ్లు. అదీ అది ఏమీ కార్చదనుకుంటే. నెలకు ఒక్క శాతం తనంతట తాను తగ్గినా రోజుకు 11 జౌల్‌లు పోయినట్టే. మనం పోసేదీ అంతే. ఎప్పటికీ నిండదు.

నాణెం ఆకారంలో ఉండే 1 ఫారడ్, 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్ చౌక. నిల్వ బాగానే ఉంచింది. కానీ రేడియో సందేశం పంపే క్షణంలో దాని నుంచి 80 మిల్లీఆంపియర్లు లాగాలి. దీని లోపలి నిరోధం 30 ఓమ్‌లు. గుణించి చూడండి: 2.4 వోల్టులు లోపలే పోతాయి. మొదటి సందేశం సగంలోనే కంట్రోలర్ (అంతా నడిపించే చిన్న కంప్యూటర్ చిప్) రీసెట్ అయింది. ఇవి గడియారాలను నడపడానికే.

స్తంభం ఆకారంలోని 2.7 వోల్టుల కెపాసిటర్లకు లోపలి నిరోధం చాలా తక్కువ. రెండు వరుసగా కలిపి 4.2 వోల్టుల దగ్గర ఆపాను. ఒక్కోదానికి 2.1 మాత్రమే వస్తుంది కాబట్టి, రెండింటి మధ్య సమతూకానికి పెట్టే రెసిస్టర్లు వదిలేశాను. 100 కిలోఓమ్‌లవి పెట్టినా 21 మైక్రోఆంపియర్లు, అంటే 88 మైక్రోవాట్లు వాటికే అర్పణం. బదులుగా ఒకే పెట్టెలోని ఒకే రకం ముక్కలు తీసుకుని, అప్పుడప్పుడు ఒక్కోదాని వోల్టేజీ విడిగా చూస్తున్నాను. 2.3 దాటితే మారుస్తాను.

కారుడు పరీక్ష:

1. 4.2 వోల్టులకు నింపి, తీగలన్నీ విప్పి, 24 గంటల తర్వాత చూడాలి.
2. మళ్లీ నింపి, మూడు రోజులు 4.2 దగ్గరే పట్టి ఉంచి, విప్పి, మళ్లీ 24 గంటలు.
3. మొదటి అంకెను కొట్టేసి రెండోదాన్ని మాత్రమే నమ్మాలి.

10 ఫారడ్‌ల జత (కలిపితే 5 ఫారడ్‌లు) మొదటిసారి 0.6 వోల్టు పడింది. లెక్క కడితే 35 మైక్రోఆంపియర్లు. అది చూసి చాలామంది ఇక్కడే వదిలేస్తారు. అందులో ఎక్కువ భాగం కారినది కాదు, కెపాసిటర్ లోపలి సన్నని రంధ్రాల్లోకి సర్దుకున్న ఛార్జి. మూడు రోజులు పట్టి ఉంచాక 0.12 వోల్టే పడింది: 7 మైక్రోఆంపియర్లు, రోజుకు 2.5 జౌల్‌లు. 1 ఫారడ్ జత (కలిపితే అర ఫారడ్) అదే పరీక్షలో 0.25 వోల్టు పడింది: 1.4 మైక్రోఆంపియర్లు, రోజుకు అర జౌల్.

పెద్ద జత రోజువారీ అద్దె, అంటే కారుడు, ఐదు రెట్లు. ఆ లెక్కన చిన్న జతే ఎంచుకుని ముందుకు వెళ్లాను. చేనులో ఆ నిర్ణయం తలకిందులైంది.

ఖర్చు: మూడు రకాల కెపాసిటర్లు ₹440. ఇప్పటివరకు ₹2,940.

ఐదో దశ: ఖర్చు పెట్టే వైపు

నీటిమట్టానికి పీవీసీ గొట్టం, అందులో అయస్కాంతం ఉన్న తేలుడు బిళ్ల, మూడు రీడ్ స్విచ్‌లు (అయస్కాంతం దగ్గరకొస్తే కలిసేవి): నేల మట్టానికి 5 సెంటీమీటర్ల పైన, మట్టం దగ్గర, 15 సెంటీమీటర్ల కింద. వరిలో తడి-పొడి పద్ధతి పాటించేవారు గొట్టంలో నీరు 15 సెంటీమీటర్ల కిందికి పోయినప్పుడే మళ్లీ తడి పెడతారు. ఆ మూడో స్విచ్ దాని కోసమే. రీడ్ స్విచ్‌కు తనకంటూ కరెంటు అక్కర్లేదు.

కంట్రోలర్‌గా విడి ఏటీమెగా328పీ చిప్. రెడీమేడ్ బోర్డులు వద్దు. చిప్ నిద్రపోయినా వాటి మీది రెగ్యులేటర్ మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. విడి చిప్‌ను నిద్రపుచ్చి, సమయం చూసే వాచ్‌డాగ్‌ను మేలుకొలిపి ఉంచితే 5 మైక్రోఆంపియర్లు. అదీ ఎక్కువే అనిపించి టీపీఎల్5110 టైమరు పెట్టాను. అది 35 నానోఆంపియర్లతో కూర్చుని, రెండు గంటలకోసారి మిగతా సర్క్యూట్ మొత్తానికి కరెంటు ఇస్తుంది. పని కాగానే కంట్రోలర్ సైగ చేస్తే తెంపేస్తుంది. కెపాసిటర్ వోల్టేజీ చూసే రెసిస్టర్ల జత కూడా ఈ టైమరు వెనుకే ఉండాలి. నేరుగా కెపాసిటర్ మీద పెడితే వచ్చేదాంట్లో సగానికి పైగా అదే తినేస్తుంది.

రేడియో మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీలో. సందేశం చిన్నది, వేగం ఎక్కువ, గాలిలో ఉండేది 60 మిల్లీసెకన్ల లోపు. ఒక్కో సందేశానికి ఎంత పోతోందో అర ఫారడ్ జతతోనే కొలిచాను: పది సందేశాలకు 4.00 నుంచి 3.90కి దిగింది. ఒక్కోదానికి 20 మిల్లీజౌల్‌లు.

రోజువారీ పద్దు, చిన్న జతతో:

రాబడి: 11.2 జౌల్‌లు
సందేశాలు 12: 0.24
కెపాసిటర్ కారుడు: 0.5
చిప్‌లు: 0.2
మిగులు: పదికి పైగా

పని చేసేదానికంటే ఊరికే కూర్చోవడానికే మూడు రెట్లు పోతోంది. ఇది అన్ని బలహీన మూలాల్లోనూ ఇంతే.

ఖర్చు: రేడియో ₹650, కంట్రోలర్, విడిభాగాలు ₹400, టైమరు ₹450, రీడ్ స్విచ్‌లు ₹160. ఇప్పటివరకు ₹4,600.

ఆరో దశ: చేనులో

నాట్లు కుదురుకున్నాక నాలుగు ఫెల్ట్‌లనూ గట్టు పక్కన పాతి, పక్కపక్కన కలిపాను. మొదటి వారంలోనే ఒక తీగ తెగింది. పీతల పని. తీగలన్నిటికీ పొడవునా సన్నని గొట్టం తొడిగాక ఆ బెడద పోయింది. పై ఫెల్ట్‌ను థర్మోకోల్ ముక్క మీద తేలేలా కట్టినది గాలికి కొట్టుకుపోయి మొక్కల్లో ఇరుక్కుంది. రెండు వెదురు పుల్లల మధ్య పైకీ కిందికీ మాత్రమే కదిలేలా బిగించాల్సి వచ్చింది. నాచు పట్టిన ఫెల్ట్‌ను పక్షానికోసారి నీటిలోనే ఆడించి కడుగుతున్నాను.

నీరున్నన్నాళ్లూ బకెట్లకు కాస్త పైనే వచ్చింది. తర్వాత కాలువ వంతు ఆగింది. మడిలో నీరు ఇంకిపోయి పై ఫెల్ట్ తడి మట్టి మీద వాలింది. రాబడి రోజురోజుకూ తగ్గి, నేల నెర్రెలు పట్టడం మొదలయ్యేసరికి ఆగిపోయింది. అంటే ఏ సమాచారం కోసం ఇదంతా పెట్టామో, ‘మడి ఎండుతోంది’ అనే ఆ కబురు చెప్పాల్సిన రోజుల్లోనే మూలం చేతులెత్తేస్తుంది. చిన్న జత 4.2 నుంచి 3.2 దాకా ఇవ్వగలిగేది 1.85 జౌల్‌లు. రోజుకు 0.94 చొప్పున రెండు రోజులు. వంతుకూ వంతుకూ మధ్య ఎడం అంతకంటే ఎక్కువ. సందేశాలు మధ్యలోనే ఆగాయి.

పెద్ద జతకు మారాను. అద్దె ఎక్కువే, రోజుకు మొత్తం ఖర్చు 2.9 జౌల్‌లు. కానీ అదే హద్దుల్లో 18.5 జౌల్‌లు ఇస్తుంది. నీరున్న రోజుల్లో ఆ ఖర్చు పోనూ ఎనిమిది జౌల్‌లు మిగులుతాయి కాబట్టి అది భారమే కాదు. తర్వాతి ఎండు విడతలో, రాబడి పూర్తిగా ఆగాక రోజూ ఉదయం కెపాసిటర్ వోల్టేజీ:

4.18, 4.05, 3.92, 3.80, 3.69, 3.59

ఆ తర్వాత వంతు నీళ్లు వచ్చాయి. రాబడి తిరిగి మొదలవడానికి మరో రెండు రోజులు పట్టింది. నీరు పెట్టగానే బురదలోని గాలి పోదు కదా. ఈ ఆలస్యాన్ని కూడా నిల్వే మోయాలి.

3.2 దగ్గర టైమరుకు కరెంటు తెగేలా, వోల్టేజీ పెంచే చిప్‌లో ఉన్న వోల్టేజీ హద్దు ఏర్పాటును వాడుకున్నాను. అక్కడి నుంచి 1.8కి దిగడానికి, 7 మైక్రోఆంపియర్ల లెక్కన పదకొండు రోజులు. పెన్సిల్ సెల్లులతో లేపాల్సిన అవస్థ రాకుండా ఆ గడువు కాపాడుతుంది.

ఖర్చు: గొట్టం, పెట్టె ₹350. మొత్తం ₹4,950. ఇందులో వాడకుండా మిగిలిన కెపాసిటర్లు ₹200.

మళ్లీ కట్టేవారికి వరుస

1. ముందు మీ మూలం గరిష్ఠంగా ఎన్ని రోజులు మూగబోతుందో తెలుసుకోండి. కెపాసిటర్ సైజు దాన్నిబట్టే, సందేశం ఖర్చునుబట్టి కాదు.
2. ఆ సైజు కెపాసిటర్ కారుడు, రాబడిలో పావు వంతు దాటితే మూలాన్ని పెంచండి. ఇక్కడైతే ఇంకో ఫెల్ట్.
3. బోర్డును 80 శాతానికి పెట్టండి, ఎల్‌ఈడీ పీకండి.
4. కెపాసిటర్లను మూడు రోజులు నిండుగా ఉంచి, తర్వాతే చేనుకు తీసుకెళ్లండి.
5. టైమరు ముందు ఏ రెసిస్టరూ మిగలకుండా చూడండి.

దాళ్వాకు ఒక మార్పు చేస్తున్నాను. పై ఫెల్ట్‌లలో రెంటిని మడిలో కాకుండా బోదె అంచున, నీరు ఆఖరున ఇంకే చోట పెడతాను. కింది ఫెల్ట్‌లు కూడా అటే జరగాలి. తీగ పొడవు నాలుగు మీటర్లు పెరుగుతుంది, టైటానియానికి మరో ₹300.